కౌజుపిట్టల అయ్యవారు

పుత్తూరు బస్సు కండక్టరు చిత్తూరులో దిగుతూనే నన్ను పిలిచి చెప్పాడు. "సార్, వడమాలపేటలో మీ సైన్సు అయివోరు పోయినాడంట. జొరమొచ్చి పండుకున్నోడు మళ్లీ లెయ్యలేదంట."

దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. మనిషి పోయాడని తెలిస్తే చాలు, ఈ ఊరి పెద్దమనుషులు పొగడ్తలు మొదలుపెడతారు. బతికున్నంతకాలం పలకరించని వాళ్లకు చచ్చినవాడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

చిత్తూరులో ఒకే హైస్కూలులో ఆయన సైన్సు చెప్పేవారు, నేను డ్రాయింగు చెప్పేవాణ్ని. కౌజులు, పూరేళ్లు, అడవికోళ్లు అంటే ఆయనకు పిచ్చి. తినడానికి కొట్టే ఈ పిట్టల కడుపులో బీజగ్రంథులు ఏ కాలంలో ఎలా పెరుగుతాయి, ఎప్పుడు తగ్గిపోతాయి అన్నదే ఆయన ధ్యాస. ఒక్క పిట్టనైనా ఆయన చేతులతో చంపలేదు. చంపేవాళ్లు ఊళ్లో దండిగా ఉన్నారు గనక ఆ అవసరం రాలేదు.

ఆ చంపేవాళ్లకు ఒక వేటసంఘం ఉండేది. వకీళ్లు, బెల్లం మండీల యజమానులు, భూములున్న వాళ్లు అందులో సభ్యులు. అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు కోసం జనం వీధుల్లో కాచుకునేవాళ్లు. సంఘం వారి తూటాలకు మాత్రం ఏనాడూ కరువు రాలేదు. ఆదివారం కార్లలో ఐరాల వైపో బంగారుపాళ్యం వైపో వెళ్లి, గుప్పెడంత పిట్టల మీద కాల్చి, పులిని పడగొట్టిన వాళ్లలా మీసాలు దువ్వుకుంటూ వచ్చేవాళ్లు. వాళ్లలో సగం మందికి కౌజుకూ కాకికీ తేడా తెలిసేది కాదు.

వాళ్లు తిరిగొచ్చే వేళకు మా అయ్యవారు సంఘాధ్యక్షుడి ఇంటి పెరటి గుమ్మం దగ్గర మూతగిన్నెతో నిలబడేవారు. వంటమనిషి పేగులూ గీగులూ అందులో వేసి ఇచ్చేవాడు. "మాంసం వాళ్లకు, కడుపు నాకు. పంపకం సరిగ్గా ఉండాది" అని నవ్వేవారు.

బడి వదిలాక ఆయన కోసేవారు, నేను గీసేవాణ్ని. వెన్నెముక పక్కన అంటుకుని ఉన్న తెల్లటి జంట గ్రంథులను చిన్న పట్టకారుతో పైకెత్తి చూపేవారు. "సూడప్పా, పుష్యంలో ఇది బియ్యపుగింజంత. శివరాత్రి దాటినాక చిక్కుడుగింజ అయి కూర్చుంటాది. పొద్దు పొడుగవతా ఉండాదని మన కంటే ముందు దీనికి తెలుస్తాది." ఒకసారి బొమ్మ అందంగా ఉండాలని నేను కాస్త గుండ్రంగా తిప్పాను. ఆయన రబ్బరు తీసుకుని తుడిచేశారు. "కంటికి కనిపించిందే గియ్యి. నీకు కావాల్సింది గియ్యొద్దు." ఆ తర్వాత నేను ఏ పిల్లవాడికి పెన్సిలు పట్టించినా ఆ మాటే చెబుతున్నాను. నా జీతానికి నేను నేర్పే విద్య అంతా అదే.

సంఘం వాళ్ల మీద ఆయనకు ఉన్న చులకన చిన్నది కాదు. "పిట్టకు ఏడాదిలో కొంతకాలమే మదం. తక్కినప్పుడు బుద్ధిగా ఉంటాది. వీళ్లకు అదేం గ్రంథో గానీ, ఏ కాలంలోనూ తగ్గదబ్బా" అనేవారు.

ఒక ఏడు ఉగాది ముందర అధ్యక్షుడు ఆయన్ను పిలిపించాడు. ఎండాకాలం మొదలయ్యాక వేట ఆపాలన్నది సర్కారు నియమం. ఆ గడువును వానల దాకా జరపాలని సంఘం వారి కోరిక. అందుకు మాట సాయం చేయగల ఒక తెల్ల అధికారి భోజనానికి వస్తున్నాడు.

"ఏం లేదు అయివోరూ, వానలు పడేదాకా పిట్టలు గుడ్లు పెట్టవని ఒక్క మాట సెప్పండి. సైన్సు మాట దొర కాదనడు."

"దొర కాదనడు. పిట్ట కాదంటాది."

అధ్యక్షుడు గట్టిగా నవ్వాడు. అర్థం కాని ప్రతి మాటకూ నవ్వడం ఆయనకు అలవాటు.

బొమ్మలు చూపించాలని నన్ను కూడా పిలిచారు. బల్ల మీద వేయించిన కౌజులు పెట్టారు. వకీలు ఒకాయన తాను ఎగిరే పిట్టను ఎలా కొట్టాడో మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. దొర మా అయ్యవారి వైపు తిరిగి, పిట్టలు ఎప్పుడు జతకడతాయని అడిగాడు. ఆయన లేచి వంటింట్లోకి వెళ్లారు. పొద్దున కొట్టిన పిట్టల కడుపులు ఒక పింగాణీ పళ్లెంలో పెట్టుకుని వచ్చి, దొర ముందు పెట్టి, ముల్లుచెంచాతో విడదీశారు. పుంజులో గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. పెట్టలో పెంకు కట్టిన గుడ్డు ఉంది.

"ఈరోజు కాల్చకపోతే దీన్ని రేపు పెట్టేది" అని ఇంగ్లీషులో చెప్పారు.

పిట్టను ఎగురుతుండగా కొట్టిన ఆ వకీలు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. అధ్యక్షుడి మొహం కందగడ్డ అయింది. "అయివోరూ! అన్నం కాడ ఇదేం పని?"

"మీరు తింటా ఉండేది దీన్నే కదండీ" అన్నారు ఆయన.

దొర ఆ గుడ్డు చూసి తన పళ్లెం పక్కకు నెట్టాడు. నియమం మారలేదు. ఆ ఏడు ఎండాకాలం తుపాకులు గోడలకు వేలాడాయి.

బడి కమిటీకీ ఆ అధ్యక్షుడే పెద్ద. వేసవి సెలవులకు బడి మూసేలోగా మా అయ్యవారి ఉద్యోగం పోయింది. నేనూ తెలుగు పండితులూ వెళ్లి అడిగితే, "పేగులు పట్టుకోని తిరిగేవాడు పిల్లోళ్లకు ఏం మర్యాద నేర్పిస్తాడప్పా?" అన్నాడు. అధ్యక్షుడి ఇంటి పెరట్లో అప్పుడే కోసిన కోళ్ల ఈకలు ఎగురుతున్నాయి.

అయ్యవారు భార్య పుట్టిన ఊరు వడమాలపేట చేరారు. చిన్న బడి పెట్టుకున్నారు. కోయడానికి అక్కడ పిట్టలు దొరికేవి కావు. సాయంత్రాలు వేరుశనగ చేను గట్టున కూర్చుని పిలుపులు వినేవారు. పిలుపు ముమ్మరమైతే లోపల గ్రంథి పెరిగినట్టేనని చెప్పేవారు. ఉద్యోగం పోయిందని బాధ లేదా అని ఒకసారి అడిగాను. "వాళ్లకు ఒక అయివోరు తగ్గినాడు. ఈడ కౌజులు పెరిగినాయి. విను" అన్నారు. విన్నాను. చేను చేనంతా పిలుస్తోంది.

నేను భయపడినట్టే చిత్తూరులో సంతాపసభ జరిగింది. స్వరాజ్యం వచ్చాక అధ్యక్షుడు ఖాకీ టోపీ దించి ఖద్దరు కట్టాడు. వేదిక ఎక్కి, తెల్లదొరను ఎదిరించి నోరులేని పిట్టలను కాపాడింది తానేనని, దివంగత మాస్టారు ఆ పోరాటంలో తన కుడిభుజమని చెప్పాడు. ఆనాడు పెరట్లోకి పరుగెత్తిన వకీలు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. నేను లేచి, "ఆ కుడిభుజాన్ని నరికిందెవరో కూడా చెప్పండయ్యా" అన్నాను. ఎవరో నా జబ్బ పట్టుకుని కూర్చోబెట్టబోయారు. విదిలించుకుని బయటికి వచ్చేశాను.

మర్నాడు వడమాలపేట వెళ్లాను. అమ్మగారు, ఆయన భార్య, వాకిట్లో చాప వేసి కూర్చోబెట్టారు. అంతలో అధ్యక్షుడి కారు వచ్చి ఆగింది. లోపల ఆయన లేడు. డ్రైవరు దిగి, జరీ చుట్టిన పెద్ద గులాబీల దండ అందించాడు.

"అయ్యగారు పంపించినారమ్మా. పటానికి వెయ్యమన్నారు."

"పటం యాడుండాది నాయనా? ఆయన ఎప్పుడూ తీయించుకోలేదు" అంది ఆవిడ.

దండను రెండు చేతులా అందుకుంది. తర్వాత లేచి వెళ్లి, గుంజకు కట్టేసిన మేక ముందు పడేసింది. "తినే. నీకన్నా కడుపు నిండుతాది."

 మేక మొదట గులాబీలు తింది, తర్వాత ఆకులు తింది. చివరికి నోట్లోంచి ఒక జరీ పోగు వేలాడుతూ ఉంటే, ఎండలో అది తళతళమంటూ ఉంటే, తీరిగ్గా నెమరు వేస్తూ ఆ కారు వైపు చూస్తూ నిలబడింది.