పాప కూడా మనతో ఉండాలి

నా చిన్నప్పుడు మేము న్యూజెర్సీలో, ఎడిసన్‌కి ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఓక్ ట్రీ రోడ్డు మీద అప్పటికి మన షాపులు ఇన్ని లేవు. అమ్మకి డ్రైవింగ్ రాదు. ఇంగ్లీషు కూడా ఎదుటివాళ్ళు నెమ్మదిగా మాట్లాడితేనే అర్థమయ్యేది. నాన్న పొద్దున్నే ట్రైన్‌కి వెళ్ళిపోయేవారు. రోజంతా ఇంట్లో ఒక్కతే ఉండే అమ్మకి ఆ వీధిలో దొరికిన స్నేహం పక్కింటి మామ్మగారు.

వాళ్ళు యూదులు, చాలా నిష్ఠగా ఉండేవారు. తాతగారికి తెల్లటి గడ్డం, ఎప్పుడూ నల్ల టోపీ. శుక్రవారం పొద్దుగూకిందంటే మర్నాడు చీకటి పడేదాకా కారు ముట్టుకునేవారు కాదు. మామ్మగారు మా ఇంట్లో వండినదేదీ తినరు గానీ, అమ్మ పళ్ళిస్తే సంతోషంగా తీసుకునేవారు. మా అమ్మమ్మ మడి చూసి పెరిగిన మనిషి కాబట్టి అమ్మకి ఇవేవీ వింతగా తోచలేదు.

నేను మూడో క్లాసులో ఉండగా నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. ఆయన హాస్పిటల్లో ఉండగానే మా ఇంట్లో హీటర్ పాడైంది. చూసి పెట్టడానికి పక్కింటి తాతగారు వచ్చారు. నేను స్కూల్లో ఉన్నాను. ఆయన వస్తూనే వీధి తలుపు బార్లా తెరిచి పెట్టారట. బయట మంచు పడుతోంది. మర్చిపోయారేమో అనుకుని అమ్మ వెళ్ళి మూసింది. ఆయన చేతిలో పనిముట్టు కింద పెట్టి, లేచి వెళ్ళి మళ్ళీ తెరిచారు. వేడి కోసం హీటర్ బాగుచేస్తూ తలుపు తెరిచిపెట్టడమేమిటో అమ్మకి అర్థం కాలేదు. ఈ ఇంట్లో ఊపిరాడనట్టు చేస్తారేమిటని మనసు చివుక్కుమంది.

సాయంత్రం మామ్మగారు వచ్చి విడమరిచి చెప్పారు. తమ శాస్త్రం ప్రకారం, బంధుత్వం లేని ఆడా మగా మూసిన తలుపుల వెనక ఒంటరిగా ఉండకూడదట. తలుపు వీధిలోకి తెరిచి ఉంటే సరే. తెలివి తెలిసిన చిన్నపిల్ల ఎవరైనా దగ్గరున్నా సరే.

"అంటే నా మీద అనుమానమా?" అంది అమ్మ.

"అయ్యో, కాదమ్మా. మా గురువుగారికైనా అదే నియమం. ఫలానావాళ్ళు మంచివాళ్ళా కాదా అని లెక్కలేసుకోవాల్సిన పని లేకుండా, అందరికీ ఒకే మాట పెట్టారు, అంతే."

అమ్మకి ఆ మాట నచ్చింది. అప్పటినుంచి ఆయన వస్తే తనే తలుపు తెరిచేది. నేను ఇంట్లో ఉంటే నన్ను పిలిచి హాల్లో కూర్చోబెట్టేది. ఆయన పని చేసుకుంటూ నాకు ఎక్కాలు ఒప్పజెప్పించేవారు.

కొన్నాళ్ళకి మామ్మగారు కూతురి పురిటికి బ్రూక్లిన్ వెళ్ళారు. నాన్న కోలుకుంటున్నారనీ, త్వరలో ఇంటికి పంపిస్తామనీ డాక్టర్లు చెప్పారు. అమ్మ ఆయన గది సర్ది, దుప్పట్లు ఉతికి పెట్టింది. ఆ మధ్యాహ్నం తాతగారు షాప్‌కి వెళ్తూ, ఏమైనా తేవాలా అని అడగడానికి మా గుమ్మం దగ్గర ఆగారు. అంతలో ఫోన్ మోగింది. హాస్పిటల్ నుంచి ఎవరో గబగబా మాట్లాడుతున్నారు. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాక, ఆయన్ని లోపలికి రమ్మని సైగ చేసి ఫోన్ చేతిలో పెట్టింది. ఆయన విన్నారు. అలాగే, అలాగే అని పెట్టేశారు.

"మిమ్మల్ని రమ్మంటున్నారు. కోటు వేసుకోండి. నేను తీసుకెళ్తాను."

"ఎందుకట?"

"డాక్టరుగారు మాట్లాడాలట."

అమ్మ కారులో వెనక సీట్లో కూర్చుంది. హాస్పిటల్ వైపు వెళ్ళాల్సిన కారు మా స్కూల్ వైపు తిరిగింది. ఇటెందుకని అమ్మ అడిగితే ఆయన, "పాప కూడా మనతో ఉండాలి," అని మాత్రం అన్నారు. అమ్మకి ఒళ్ళు మండిపోయింది. నియమం గుర్తొచ్చింది. భర్త హాస్పిటల్లో ఉంటే, ఈ కాసేపు కారులో ఇద్దరే వెళ్ళడానికి కూడా అడ్డమేనా! ఆమె ఏదో అంది కూడానట, తెలుగులోనే. ఆయన కారు స్కూల్ ముందు ఆపారు.

నన్ను క్లాసులోంచి ఆఫీస్‌కి పిలిపించారు. అమ్మ సంతకం పెట్టి, నా చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడకతో బయటికొచ్చింది. ఆమె ముఖం ఎర్రగా ఉంది. నేనేదో తప్పు చేశాననుకుని భయపడ్డాను. దారంతా అమ్మ ఆయన టోపీ వైపు కోపంగా చూస్తూ కూర్చుంది.

హాస్పిటల్లో నాన్న ముఖానికి మాస్క్ పెట్టి ఉంది. మమ్మల్ని చూసి కళ్ళు తెరిచారు. అమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి వేస్తే ఆమె వేళ్ళు పట్టుకున్నారు. తర్వాత నా వైపు చూసి, మాస్క్ కొంచెం పక్కకి జరిపి, "లంచ్ తిన్నావా?" అన్నారు. తిన్నానని చెప్పాను. నర్సు మాస్క్ సరిచేసింది. కాసేపటికి మమ్మల్ని బయటికి పంపారు. డాక్టరు వచ్చి చెప్పేటప్పుడు నాకు అర్థం కాలేదు గానీ, అమ్మ గోడకి ఆనుకుని కిందికి జారిపోవడం చూశాను. తాతగారు ఒక్క అడుగు ముందుకు వేసి ఆగిపోయారు. పరాయి స్త్రీని తాకరు కదా. నర్సుని కేకేసి పిలిచారు. ఆమె వచ్చి అమ్మని పట్టుకుంది.

పరామర్శకి మా ఇంటికి వచ్చిన ఆంటీలందరికీ కారు సంగతి తెలిసిపోయింది. "అలాంటి టైమ్‌లో కూడా రూల్సేనా? స్కూల్‌కి వెళ్ళకుండా ఉంటే ఆయన దగ్గర ఇంకాసేపు ఉండేదానివి కదా," అన్నారు. అమ్మా అదే అనుకుంది. తాతగారు పలకరించడానికి వస్తే ముఖం తిప్పుకుంది. ఆయన గుమ్మంలోనే కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

మామ్మగారు బ్రూక్లిన్ నుంచి వచ్చి అమ్మని కావలించుకుని ఏడ్చారు. కొంతసేపటికి అమ్మ మనసులో ఉన్నది బయటపెట్టింది. మీ నియమం వల్ల నాకు ఆయనతో గడిపే కాస్త టైమ్ కూడా పోయింది అంది. మామ్మగారు తెల్లబోయారు.

"పట్టపగలు, జనం తిరిగే రోడ్డు మీద కారులో వెళ్తే మాకు ఏ అడ్డూ లేదే! పోయిన నెల ఎదురింటావిడని కళ్ళ డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్ళారు. వాళ్ళిద్దరే వెళ్ళారు."

అమ్మ పొయ్యి ఆపేసింది. చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి నడిచింది. నేనూ, మామ్మగారూ వెనకాలే వెళ్ళాం. తాతగారు వాకిట్లో మంచు తోస్తున్నారు.

"ఆ రోజు ఫోన్‌లో ఏమన్నారు?" అని అడిగింది అమ్మ.

ఆయన పార గోడకి ఆనించారు.

"ఇంక కొన్ని గంటలే అన్నారు. పిల్లలుంటే చూపించడానికి తీసుకురమ్మన్నారు. ఆ మాట చెబితే కారులో మీరెలా కూర్చుంటారు? మా శాస్త్రం కోసం అనుకుంటారని తెలుసు. అనుకోనిచ్చాను. కోపంగా ఉన్న మనిషి కనీసం నిలబడగలదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీకు తిట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదమ్మా."

అమ్మ ఆ మంచులోనే చేతులు జోడించింది. ఆయన కంగారుపడి, పాదాలు గడ్డకట్టుకుపోతాయి, లోపలికి వెళ్ళండి, మా ఆవిడ సాక్సులిస్తుంది అన్నారు. అమ్మ అప్పుడు ఏడ్చింది. నాన్న పోయాక నా ఎదుట ఆమె గొంతెత్తి ఏడవడం అదే మొదలు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. నాన్న ముఖం ఫొటోల్లో తప్ప సరిగ్గా గుర్తు లేదు. కానీ ఆ మాస్క్ పక్కకి జరిపి ఆయన అడిగిన మాట, ఆ గొంతులోని జీర, నా చెవిలో అలాగే ఉన్నాయి. మాకు ఏమీ కాని ఒక పెద్దమనిషి, తన మీద, తన ధర్మం మీద నింద పడినా నోరు విప్పకుండా, నాకు ఆ మాటని సంపాదించిపెట్టారు.