సుభాని తెచ్చిన బేరింగులు

ఇన్నేళ్లుగా ఈ మాట నోటి దాకా వస్తోంది, అక్కడే ఆగిపోతోంది. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నరసరావుపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని నేను. చేరినప్పుడు ఆ పనిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఒక్క తప్పు దొరికితే చాలు, ఆడదానికి మోటార్లేంది అనడానికి అందరూ కాచుకుని ఉన్నారనిపించేది. నిజంగా ఉన్నారా? ఇప్పుడు ఆలోచిస్తే అదీ సరిగా తెలీదు.

పెద్ద ఫ్యాను మోటారుకి డ్రైవ్ పెట్టిద్దామని యజమానిని ఒప్పించింది నేనే. మోటారు వేగాన్ని కావలసినట్టు తగ్గించి పెంచే పెట్టె అది. కరెంటు ఖర్చు తగ్గింది. యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

కొన్ని నెలలకి మోటారు అరవడం మొదలుపెట్టింది. లోపల తిరిగే ఇరుసుని, అదే షాఫ్టుని, మోసే ఇనుప రింగు, బేరింగు, పోయింది. మా మోటార్ల పనంతా పేటలో చిన్న షాపున్న మస్తాన్ భాయ్‌ది. విప్పి బిగించేది ఆయన. గుంటూరు వెళ్లి బేరింగులు కొనుక్కొచ్చేది తమ్ముడు సుభాని. కొత్తది వేశారు. అదీ పోయింది. మళ్లీ వేశారు. మళ్లీ పోయింది.

విప్పిన బేరింగు నా చేతికిచ్చాడు భాయ్. గుడ్డతో తుడిచి చూశాను. రింగు లోపల సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెన పళ్లలాగా. అవి అరుగుదల గీతలు కావు. డ్రైవ్ మీద తిరిగే మోటారు షాఫ్టులో కొంత కరెంటు చేరుతుంది. భూమిలోకి పోవడానికి వేరే దారి లేకపోతే అది బేరింగు గుండా దూకుతుంది. దూకిన ప్రతిసారీ ఇనుము కంటికి కనపడనంత కాలుతుంది. కాలీ కాలీ అలా గీతలు పడతాయి. ఆ కరెంటుని భూమిలోకి దింపే ఎర్తింగ్ బ్రష్ షాఫ్టుకి పెట్టమని, వేరే రకం కేబులు వేయమని డ్రైవ్ బిగించడానికి వచ్చినతను అప్పుడే చెప్పాడు. మిల్లు ఎక్కువసేపు ఆపనివ్వరు, తర్వాత చూద్దాంలే అని ఉన్న కేబులే వేయించాను. తర్వాత మర్చిపోయాను. మర్చిపోయానా? గుర్తు చేసుకోవడం ఇష్టం లేకపోయిందా?

అప్పటికే మిల్లులో డూప్లికేట్ బేరింగులన్న మాట పుట్టింది.

"ఏంది చెల్లెమ్మా ఇది?" అన్నాడు మస్తాన్ భాయ్. "నా చేత్తో బిగించా. ఏడా తేడా రాలా. చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

"నీ పనిలో తప్పు లేదు భాయ్," అన్నాను. అక్కడ ఆగినా సరిపోయేది. "సరుకే... సుభాని ఎక్కడ తెస్తున్నాడో ఒకసారి కనుక్కో."

"మా సుభానిగాడా?" అన్నాడు.

నేను బేరింగుని మళ్లీ గుడ్డలో చుట్టేశాను.

భాయ్‌ని కాపాడదామనే అలా అన్నానని చానా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆ నిమిషాన అక్కడ లేని మనిషి ఒకడు కావలసి వచ్చాడు. అంతే.

డబ్బు మిగుల్చుకుని నకిలీవి తేలేదని సుభాని బిడ్డల మీద ఒట్టేసి చెప్పాడట. అన్న నమ్మలేదట. అతను పెళ్లాం బిడ్డల్ని తీసుకుని వినుకొండ వెళ్లిపోయి ఆటో తోలుకున్నాడు.

తర్వాత నేను చేసింది ఇంకా ఘోరం. వేరే షాపు నుంచి బేరింగు తెప్పించి, పనిలో పనిగా బ్రష్ పెట్టించాను, కేబులు మార్పించాను. ఎందుకని ఎవరూ అడగలేదు. మోటారు చప్పుడు లేకుండా తిరిగింది. "చూశారా, అసలు సరుకు వేస్తే ఎట్టా తిరుగుద్దో!" అన్నాడు యజమాని. నా తప్పు నేను దిద్దుకున్నాను, దాంతోనే సుభాని దొంగ అని రుజువైపోయింది.

మొన్న ఎండాకాలంలో సుభాని గుండె ఆగి పోయాడు. మస్తాన్ భాయ్ మట్టికి కూడా వెళ్లలేదు. చెప్పేద్దామని షాపుకి వెళ్లాను. టీ తెప్పించాడు. "వాడు ఒక్కసారి తప్పయిందని ఒప్పుకుంటే పోయేది చెల్లెమ్మా," అన్నాడు. టీ తాగి వచ్చేశాను.

ఏమని చెప్పను? చెబితే, ఏ తప్పూ చేయని తమ్ముణ్ణి వదిలేసుకున్నానని ఈ వయసులో ఆయనకి తెలుస్తుంది. చెప్పకపోతే పోయినవాడు దొంగగానే ఉండిపోతాడు. ఆయన మీద జాలితో ఆగుతున్నానా, నా భయానికే జాలి అని పేరు పెట్టుకున్నానా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

సుభాని దొంగ కాదు. అతను తెచ్చినవి మంచి బేరింగులే. వాటిని పాడుచేసింది నేను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఇప్పుడు నాకు కాక ఇంకొకరికి కూడా తెలుసు. ఈ పూటకి ఊపిరి కాస్త ఆడుతోంది.