పిన్నీసు పెట్టిన చివరి పుట

పెట్టె మూత తీయగానే తుప్పు వాసన వచ్చింది. అడుగున పిన్నీసు పెట్టిన ఆ బొమ్మల పుస్తకం. ఎక్కడో పత్రికల్లో రోజుకో ముక్కగా వచ్చిన సాహస కథలను ఆస్ట్రేలియాలో పుస్తకాలుగా మళ్ళీ అచ్చువేసేవారు. రత్తమ్మ పెద్దమ్మ బావగారు అక్కడి బంగారు గనిలో పనికి వెళ్ళి, ఆమెకు వాటిని పంపేవారు.

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, గనికార్మికుల ఇళ్ళ లైనులో మా పక్కిల్లే ఆమెది. పెనిమిటి గనిలోనే పోయాడు. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయితేనేం, బొమ్మలు చూసి దర్జాగా కథ చెప్పేది. సముద్రంలోకి దూకే వీరుడు ఆమెకు గనిలోకి దిగే మనిషే. "చూడు, లైటు కట్టుకోని యెట్ల దిగతా ఉండాడో!" అనేది. "అది నీళ్ళు పెద్దమ్మా!" అంటే, "గనిలో మాత్రం నీళ్ళు లేవా మే?" అని నా నోరు మూయించేది. ఆమెతో వాదించి గెలవడం మా లైనులో ఎవరి తరమూ కాలేదు.

ఒకరోజు భూమి లోపల బండ పగిలి ఇళ్ళన్నీ అదిరాయి. అటక మీది గిన్నెలు దబదబా పడ్డాయి. నాన్న లోపలే ఉన్నాడు. అమ్మ గని దగ్గరికి పరుగెత్తింది. నన్ను పెద్దమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథ మొదలుపెట్టింది. చివరి పుట దగ్గర ఆగిపోయింది.

"తిప్పు పెద్దమ్మా!"

"మీ నాయిన రానీ. ఆయప్ప పైకొస్తే ఈయప్పా వస్తాడు."

ఏడ్చాను. మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పొద్దు వాలే వేళకు ఒళ్ళంతా దుమ్ముతో నాన్న వచ్చాడు. అప్పుడు తిప్పింది. వీరుడు ఒడ్డున కూర్చుని నవ్వుతున్నాడు. నేను నాన్నను వదలలేదు.

ఒక్క పుస్తకం మాత్రం ఎప్పుడూ చెప్పేది కాదు. దాని చివరి పుట తెరుచుకోకుండా పిన్నీసు పెట్టి ఉండేది. నా పెళ్ళినాడు అదే నా చేతిలో పెట్టింది.

"మీ పెద్దనాయిన చదివి చెప్తా ఉండె. షిఫ్టుకు పొద్దాయె. మిగిలింది వచ్చి చెప్తానని పోయినాడు. ఇంగ ఆయప్ప రాకుండా నేనెట్ల తిప్పేదమ్మా?"

పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మాలూరు ఫ్యాక్టరీలో పనిచేసే నా కూతురు రైలు దిగి ఇంటికి చేరేదాకా నేటికీ నేను చదివే ఏ పుస్తకమూ ముగించను.

ఇవాళ పెట్టె తీసినప్పుడు తనే అడిగింది. "ఆ పిన్నీసు తీసేస్తే ఏమమ్మా? తుప్పు కాగితాన్ని తింటా ఉండాది."

నిజమే. తీశాను. పుట కొంచెం వదులైంది. నా చీరకున్న కొత్త పిన్నీసు తీసి, పుట తిప్పి చూడకుండా, ఆ చోటనే పెట్టాను.