సూరయ్య ఇంటి స్థలంలో కర్పూర చెట్టు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను విజయనగరంలోని ఒక కళాశాల హెర్బేరియానికి ఇన్‌ఛార్జిగా వేశారు. వృక్షశాస్త్ర అధ్యాపకుల్లో రిటైర్మెంటు దగ్గరపడిన వారికి ఇచ్చే గౌరవం అది. హెర్బేరియం అంటే ఎండు రెమ్మల భాండాగారం. ఆకులూ పూలూ ఉన్న రెమ్మను పాత పత్రికల మధ్య నొక్కి ఆరబెట్టి, దళసరి అట్ట మీద కుట్టి, కింద కుడి మూలన చీటీ అంటిస్తారు. చెట్టు పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు అందులో ఉంటాయి. చీటీ లేని రెమ్మ పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు.

మా బీరువాలో ఒక కర్పూర చెట్టు రెమ్మ ఉండేది. చైనా, జపాన్ దేశాల చెట్టు. ఎప్పుడో ఒక లెక్చరర్ ఎవరి బంగళా తోటలోంచో తెచ్చి, చోటు దగ్గర ‘శ్రీకాకుళం జిల్లా’ అని మాత్రం రాసి ఊరుకున్నారు. ఆ ఏడాది అట్టలన్నింటినీ కంప్యూటర్‌కి ఎక్కించే పని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. అక్షాంశ రేఖాంశాల గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ముందుకు కదలదు. సంస్థవారు పటంలో జిల్లా నడిమధ్యన ఒక చుక్క పెట్టి ముందుకు కదిలారు. ఆ చుక్క కోటబొమ్మాళి దగ్గర సూరయ్య అనే రైతు ఇంటి స్థలంలో పడింది.

సూరయ్య అప్పటికే పాత ఇల్లు పడగొట్టి, కొత్త ఇంటికి అనుమతి కోరి, భార్య పైడమ్మతో రేకుల పాకలో ఉంటున్నాడు. వానలు దగ్గరపడ్డాయి. మా అట్టలు ఎక్కిన ప్రభుత్వ పోర్టల్‌నే అనుమతులిచ్చే ఆఫీసూ చూస్తుంది. స్థలంలో అరుదైన విదేశీ వృక్షం ఉన్నట్టు తెర మీద కనబడుతున్నందున అనుమతి ఆగింది.

పరిశీలనకు జిల్లా కమిటీ వెళ్లింది. నిపుణుడి హోదాలో నేనూ వెళ్లాను. అక్కడ ఇటుకలు, ఇసుక, ఒక వేప చెట్టు ఉన్నాయి. కమిటీ పెద్ద వేపాకు నలిపి వాసన చూశారు. కర్పూరం వాసన రాలేదని రాసుకున్నారు.

“ఒరే బావా, ఇంక హారతికి కర్పూరం కొనక్కర్నేదురా నీకు,” అన్నాడు పక్కింటి గోడ మీంచి సూరయ్య బావమరిది.

చెట్టు ఏనాడూ లేదని, చుక్కే తప్పని నేను చెప్పాను. రికార్డులో ఉన్న చెట్టు నేల మీద లేదంటే ఎవరో నరికి ఉండాలి కదా అని కమిటీ పెద్ద సందేహించారు. అది విని పైడమ్మ పాకలోంచి బయటికొచ్చింది.

“ఉన్నాదంటే ఇల్లు కట్టొద్దంతారు, నేదంటే నరికీసినారంతారు. ఏటి సెప్పమంతారు బావూ? వానొస్తే మీ సుక్క కింద తొంగోవాలా?”

చుక్క తీయించడానికి ప్రయత్నించాను. సంస్థ ఒప్పందం ముగిసిపోయింది. పోర్టల్‌లో కొత్తవి చేర్చే వీలుంది గానీ, ఉన్నవి తీసే వీలు లేదు. చివరికి దారి చూపింది కమిటీయే. ‘అదృశ్యమైన’ చెట్టుకు బదులు మరొకటి నాటితే ఫైలు మూయవచ్చు. కడియం నర్సరీల నుంచి కర్పూర మొక్క తెప్పించి, స్థలం మూలన సూరయ్య చేత నాటించి ఫొటో తీసుకున్నారు. నివేదికలో ‘పునరుద్ధరణ’ అని రాశారు.

“ఈ మాట మొదటే సెప్పుంటే నేనే నాటీదాన్ని గదా,” అంది పైడమ్మ, గోతిలో గత్తం ఎరువు వేస్తూ.

అనుమతి వచ్చింది. స్లాబు పడేసరికి సగం వానాకాలం పాకలోనే గడిచిపోయింది.

నేను రిటైరయిన ఏడాది మా విద్యార్థులు ఆ చెట్టు రెమ్మ కోసి, సరైన అక్షాంశ రేఖాంశాలతో చీటీ రాసి అట్టకెక్కించారు. చుక్క ఇప్పుడు నిజమే. పాత రెమ్మ ఏ బంగళాదో మాత్రం ఇప్పటికీ తెలియదు.

నేను నేర్చుకున్నది ఇంతే. చోటు తెలియనప్పుడు ‘తెలియదు’ అని రాయాలి. ఆ మాట ఒప్పుకోని కంప్యూటర్‌ను మార్చుకోవాలి. లేకపోతే ఎవరి స్థలంలోనో గొయ్యి తవ్వాల్సి వస్తుంది.