నేను మార్చి చదివిన ఉత్తరం

నాలుగేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. అది నా నోటి నుంచి వచ్చిన వాక్యమే. అన్నప్పుడు చాలా తేలిగ్గా ఉంది. ఇప్పుడు అన్నం ముందు కూర్చున్నా అదే, కళ్ళు మూసుకున్నా అదే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళతో చెప్పేటట్టయితే మొదట నా చెల్లెలితో చెప్పాలి.

మాది దమ్మపేట దగ్గర ఒక పల్లె. ఊరు దాటితే పామాయిల్ తోటలు, తోటలు దాటితే అడవి. పదో తరగతి తప్పి, పామాయిల్ గెలలు తూచే కాటా దగ్గర గుమస్తాగా చేరాను. సాయంత్రం కాటా మూయగానే గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. ఇరవై ఏళ్ళు అలా వెళ్ళాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. వైద్యం, చట్టం, నక్షత్రాలు, తేనెటీగల పెంపకం, ఏది దొరికితే అది చదివాను. ఆ చదువంటే నాకు గర్వంగా ఉండేది. ఉండేది అని రాశాను గానీ, ఇప్పటికీ ఉంది. నాకు భయం కలిగించేది అదే.

మా ఊళ్ళో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. బ్యాంకుదైనా, కోర్టుదైనా, దవాఖానా రిపోర్టయినా. దానికొక పద్ధతి ఏర్పడిపోయింది. ముందు ఇంగ్లీషులో మొత్తం పైకి చదవాలి. పూజలో మంత్రం విన్నట్టు అందరూ తల వంచుకుని వినేవాళ్ళు. ఆ తర్వాత తెలుగులో చెప్పాలి. నేను చెప్పాక ఆ కాగితాన్ని ఇంకొకరికి చూపించడం నన్ను అవమానించినట్టు లెక్క. ఫోన్‌లో పెడితే అదే తెలుగులోకి మార్చి చూపిస్తుందని పిల్లలకు కూడా తెలుసు. అయినా నా ముందు ఎవరూ ఆ పని చేసేవాళ్ళు కాదు.

నా చెల్లెలు సరిత ఏడో తరగతి దాకా చదివి, ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుట్టేది. ఒకరోజు సూదిలోకి దారం ఎక్కించబోతే కుడికన్ను మసకబారింది. వారానికి పాదాల్లో స్పర్శ తగ్గింది. ఖమ్మం నుంచి హైదరాబాద్ పంపించారు. మెదడు స్కానింగ్ చూసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. కరెంటు తీగ మీది రబ్బరు ఊడిపోయినట్టు, నరాల మీది పొర ఊడిపోయే జబ్బు. ఈ పోలిక నాదే. మా వాళ్ళకు ఇలాగే చెప్పాను. బాగా చెప్పానని అప్పుడు సంతోషపడ్డాను కూడా.

అక్కడి డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఆరు నెలలకోసారి సెలైన్‌లో ఎక్కించే మందు ఉంది, ఆలస్యం చేయకుండా మొదలుపెడదాం అంది. నేను ఊరుకోలేదు. ఆ మందు ఒంట్లోని రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కదా, మాది అడవి అంచు, వానాకాలం వస్తే జ్వరాలు, అప్పుడెలా అని అడిగాను. అడగాల్సిన ప్రశ్నే అది. ఆమె ఓపిగ్గానే జవాబు చెప్పింది. తృప్తి పడక నేను చదివిన పుస్తకాల పేర్లు మొదలుపెట్టాను. ఆమె చిన్నగా నవ్వి, కుర్చీ కొంచెం తిప్పుకుని, మిగతా సంగతులన్నీ చెల్లెలి భర్త వెంకన్నతో మాట్లాడింది. బండి నడుపుకునే వెంకన్నతో. నన్ను వదిలేసి.

ఇంతే జరిగింది. ఇంత చిన్న విషయం మీద ఒక మనిషి కాళ్ళు ఆధారపడి ఉంటాయా?

తిరుగు ప్రయాణంలో, బస్సు ఖమ్మం చేరేలోపు, ఆ మందు ఎక్కిస్తే మొదటి వానాకాలమే సరిత మనకు దక్కదని వెంట ఉన్నవాళ్ళందరినీ నమ్మించాను. విదేశాల్లో ఈ జబ్బు ఒక్కటే చూసే పెద్ద డాక్టర్లున్నారు, నేను రాస్తాను అన్నాను. జర్మనీలో ఒక ఆసుపత్రి దొరికింది. పది రోజులు కూర్చుని రాశాను. రిపోర్టులన్నీ జతచేశాను. అంత మంచి ఇంగ్లీషు నా జన్మలో రాయలేదు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. అచ్చు తీయించుకుని తిన్నగా సరిత ఇంటికి వెళ్ళాను. ముందు నేనొక్కణ్ణి చదువుకుని ఉండాల్సింది. కానీ అందరి ముందు విప్పాలన్న ఉబలాటం నాది. మంచం మీద కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. రెండో పేరాకు వచ్చేసరికి చదివే వేగం పెంచాను.

మీకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. హైదరాబాద్ డాక్టరు చెప్పిన మందే సరైనదని అక్కడి పెద్ద డాక్టరు రాశాడు. జ్వరాల భయానికి ముందుగా చేయించుకోవాల్సిన పరీక్షలున్నాయి, జాగ్రత్తలున్నాయి, ఆలస్యానికి మాత్రం మందు లేదన్నాడు. ఇంత దూరం రావాల్సిన అవసరం లేదు, అయినా రావాలనుకుంటే చూస్తాను, కానీ దానికోసం మందు ఒక్క వారం కూడా ఆపవద్దు అన్నాడు.

ఇంగ్లీషులో అదంతా చదివాను. ఒక్క మాట కూడా వదలలేదు. తల ఎత్తితే మూడు మొహాలు నావైపే ఉన్నాయి.

"ఏమన్నరు బావా? జల్దీ చెప్పు, గట్ల చూస్తవేంది," అన్నాడు వెంకన్న.

"ఆగయ్యా అల్లుడా. అంత ఇంగ్లీషు గొంతు దిగాలె గదా," అంది మా అమ్మ.

"రమ్మంటున్నరు," అన్నాను.

"మరి హైదరాబాద్ మందు సంగతేంది?" అని సరిత అడిగింది.

"వాళ్ళు చూసేదాంక ఏదీ మొదలుపెట్టొద్దంట."

అదే ఆ వాక్యం. సరిత మొహం వెలిగిపోయింది. మొగుడి వైపు తిరిగి, "చూసినవా? మా అన్న చెప్పిందే జర్మనీ డాక్టరు చెప్పిండు. ఆ డాక్టరమ్మను తోలుకొచ్చి మా అన్న కాడ నాలుగు రోజులు చదువుకు కూసోబెట్టాలె," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఆగేలోపు చెప్పేసి ఉండవచ్చు. మర్నాడు పొద్దున చెప్పి ఉండవచ్చు, సరిగ్గా అర్థం చేసుకోలేదు, మళ్ళీ చూశాను అని. ఊళ్ళో కొంచెం నవ్వుకునేవాళ్ళేమో. అంతకుమించి ఏం పోయేది? ఈ ప్రశ్నకు జవాబు కోసం చాలాసార్లు నాలోకి తొంగి చూశాను. అక్కడ కనిపించే మనిషి ఆ రోజు చెల్లెలి జబ్బుకు భయపడలేదు. ఇరవై ఏళ్ళ చదువు వాళ్ళ ముందు పోతుందని భయపడ్డాడు.

పాస్‌పోర్టు, వీసా, రాని కాగితాలు, తిరిగి పంపిన కాగితాలు. ఖర్చులకు వెంకన్న తన తోట అమ్మేశాడు. ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ మా ఇంటి పక్కనే ఆమె మిషన్ చప్పుడు. ఎండలు ముదిరేకొద్దీ ఆ చప్పుడు మధ్యలో ఆగడం మొదలైంది. ఆగినప్పుడల్లా ఆమె తల వంచి, పాదం తొక్కుడు పలక మీద ఉందో లేదో కళ్ళతో చూసుకునేది. ఒకరోజు సంత నుంచి వస్తూ ఒక కాలి చెప్పు జారిపోతే, ఆ సంగతే తెలియకుండా నా ముందు నడిచిపోయింది. వెనక వస్తున్న నేను వంగి దాన్ని తీసుకున్నాను. కాలుతున్న రోడ్డు మీద ఆ ఉత్త పాదం ఏమీ తెలియనట్టు పడుతూ లేస్తూ పోతోంది.  అప్పుడైనా నిజం చెప్పేదానికి బదులు గ్రంథాలయానికి పోయి, నేను అన్నదే నిజమని చెప్పే పేజీ ఒక్కటైనా దొరుకుతుందా అని వెతికాను. దొరకలేదు. దొరకనందుకు పుస్తకాల మీద కోపం వచ్చింది.

వానలు మొదలయ్యాక రెండో దెబ్బ తగిలింది. పొద్దున లేవబోతే రెండు కాళ్ళూ లేవలేదు. ఒంటేలు మీద పట్టు పోయింది. హైదరాబాద్ పెద్ద దవాఖానాలో పదిహేను రోజులున్నాం. ఆ డాక్టరు అక్కడ లేకపోతే బాగుండునని దారి పొడుగునా కోరుకున్నాను. ఉంది. మందు ఎందుకు మొదలుపెట్టలేదని అడిగింది. విదేశీ డాక్టర్లు వద్దని ఉత్తరం రాశారని వెంకన్నే చెప్పాడు. ఆమె నావైపు చూసి, ఆ ఉత్తరం ఒకసారి చూడవచ్చా అంది. ఇంటి దగ్గర ఉంది, పంపిస్తాను అన్నాను. పంపలేదు. ఇప్పుడైనా ఎక్కిద్దామని ఆమె గట్టిగా చెబితే, టికెట్లు చేతికొచ్చాయి, మూడు వారాల్లో పెద్దాయనే చూస్తాడు అన్నది నేనే.

చక్రాల కుర్చీలో ఆమెను జర్మనీ తీసుకెళ్ళాం. దుబాసీ అక్కర్లేదని నేను ముందే రాసిచ్చాను. ఆ డాక్టరు ముసలాయన. సరితను చాలాసేపు పరీక్షించాడు. తర్వాత ఫైలులోంచి తన ఉత్తరం ప్రతి తీసి నా ముందు పెట్టి, రెండో పేరా మీద వేలుంచాడు. ఇది మీకు అందలేదా అని అడిగాడు. అందింది అన్నాను. అయితే ఎందుకు ఆపారని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక, రెండుమూడు రకాలుగా అడిగాడు. 

"ఏమంటుండన్నా?" అంది సరిత.

"మనం రావడం ఆలస్యమైందంటున్నడు."

"ఆయన అంతసేపు మాట్లాడితే నువ్వు చెప్పేది గింతేనా?" అని నవ్వింది. ఆయన ఆమె నవ్వునూ నా మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. తెలుగు రాని ఆ మనిషికి ఆ క్షణంలో అంతా తెలిసిపోయిందని నా నమ్మకం.  మందు పేరు రాసిచ్చాడు. హైదరాబాద్‌లో చెప్పిన మందే.

ఇప్పుడు ఆరు నెలలకోసారి ఎక్కిస్తున్నారు. ఈ మూడేళ్ళలో కొత్త దెబ్బ తగల్లేదు. ఏ వానాకాలపు జ్వరమూ ఆమెను తీసుకుపోలేదు. కాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. మొదటే మొదలుపెడితే నడిచేదా? ఖచ్చితంగా చెప్పలేమంటారు డాక్టర్లు. చాలా రోజులు ఆ మాట చాటున దాక్కున్నాను. కానీ చెప్పలేమన్న స్థితికి తెచ్చింది ఎవరు? ఆ ఎనిమిది నెలలు ఆమె ఏం చేసుకోవాలో ఆమె చేతిలో ఉండాల్సింది. నేను లాక్కున్నాను.

అందరికంటే నన్ను ఎక్కువ శిక్షించేది సరితే. పలకరించడానికి వచ్చినవాళ్ళతో, మా అన్న లేకపోతే నేనెక్కడ, జర్మనీ ఎక్కడ అంటుంది. తోట పోయినందుకు వెంకన్న ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. నా ముందు టీ గ్లాసు పెట్టి, నువ్వు చేయాల్సింది చేసినవు బావా అంటాడు. ఆ టీ తాగుతాను. ఇన్నిసార్లు ఎలా తాగానో నాకే తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఆమె చేతుల్లో ఉన్నా అడిగే హక్కు నాకు లేదు. ఇదంతా రాస్తున్నంతసేపూ, ఎందుకో, ఊపిరి మామూలుగా ఆడింది. అంతవరకే నాకు దక్కింది.

దీన్ని తెలుగులో రాశాను, తేలిక మాటల్లో. సరితకు ఎవరూ చదివి పెట్టనక్కర్లేదు.