కరివేపాకు డబ్బాలో వచ్చిన నత్తలు

రాయపూర్ మట్టిలో పెరిగిన కరివేపాకుకు వాసన రాదని మా తెలుగు రైల్వే కుటుంబాల్లో ఒక నమ్మకం. అందుకని ఊరి నుంచి పిలక తెచ్చుకునేవాళ్లం మట్టి కూడా తెచ్చుకుంటాం. 2016 ఆగస్టులో నేనూ అదే చేశాను. విజయనగరంలో మా చెల్లెలి పెరట్లోని పిలకను పాత నూనె డబ్బాలో, మట్టితో సహా, రైల్లో బెర్తు కింద పెట్టుకుని తెచ్చాను. రాయపూర్ దగ్గరి అభన్‌పూర్ శివారులో మా ఇంటి ప్రహరీ పక్కన నాటాను.

2018 జూలైలో, వానలు మొదలైన పదకొండో రోజున, పక్కింటామె గోడ అవతలి నుంచి పిలిచింది. ఆమె ఇంటి వెనక మడుల్లో బరబటి అనే పొడుగు చిక్కుడు పండించి రాయపూర్‌లోని గుఢియారీ బజారులో అమ్ముతుంది. ఇల్లు గడిచేది దానిమీదే. మొలకలన్నీ మొదలంటా కొరికేసి ఉన్నాయి. మడి గట్టు మీద నా అరచేయంత నత్తలు.

అప్పటికే ఆమె ఉప్పు చల్లేసింది. కొన్ని నత్తలు చచ్చాయి, వాటితోపాటు వానపాములూ చచ్చాయి. మిగిలినవాటిని చెరువులో వేస్తానని ఆమె అంటే అత్తగారు ఒప్పుకోలేదు. ఆవిడ ఒక నత్తను పుల్లతో తిరగేసి చూపించింది. తాము వండుకునే చెరువు నత్త ముట్టుకుంటే గుల్ల నోటికి ఉన్న తలుపు వేసుకుంటుందట. దీనికి తలుపే లేదు, ఇది మన చెరువుది కాదు అంది.

ఒకదాన్ని మూత డబ్బాలో పెట్టుకుని వ్యవసాయ కార్యాలయానికి వెళ్లాను. ఇది ఆఫ్రికా నత్త అనీ, కోస్తాలో చాలా ఉందనీ, కుండీల మట్టిలో దీని గుడ్లు ఊళ్లు దాటి వస్తాయనీ అక్కడి అధికారి చెప్పాడు. గుడ్లు ఎలా ఉంటాయని అడిగాను. సగ్గుబియ్యంలా ఉంటాయన్నాడు. ఇంటికొచ్చి కరివేపాకు మొదట్లో తవ్వాను. నాలుగు వేళ్ల లోతున సగ్గుబియ్యం.

అప్పుడే గోడ దగ్గరికి వెళ్లి, ఇవి నా డబ్బాలోనే వచ్చాయని ఆమెకు చెప్పేశాను.

“మీ ఊరు వెళ్తే ఆవకాయ తెస్తారనుకున్నాను దాయీ,” అంది. ఇక్కడ దాయీ అంటే అమ్మ. “మళ్లీ విత్తనం ఎప్పుడు వేయను? ఆగస్టు దాటితే దీపావళి బజారుకు కాయ అందదు.”

“వరసగా ఏడు రోజులు ఒక్కటీ దొరకకపోతే వెయ్యి,” అన్నాను.

ఆ సాయంత్రం నుంచే రెండిళ్లలోనూ తడి గోనెసంచులు పరిచి, కింద బొప్పాయి ఆకులు పెట్టాం. నత్తలు వాటి కిందికి చేరేవి. తెల్లవారగానే చేతులకు కవర్లు తొడుక్కుని ఏరి, బకెట్లో ఉప్పునీళ్లలో వేసి, చచ్చాక సున్నం చల్లి పూడ్చేవాళ్లం. మడిలో మాత్రం ఉప్పు వేయనివ్వలేదు. తడి చోట్ల దొరికే చిన్న చిన్న ఊరి నత్తల్ని అత్తగారు వేరుచేసి వదిలేసేది. ఆవిడ కళ్లు నాకంటే నయం. రోజూ లెక్క గోడ క్యాలెండరు మీద రాశాను. మొదటి రోజు నూట పన్నెండు. పదో రోజు నలభై ఒకటి. కరివేపాకు చెట్టును నేనే నరికి, వేళ్లు తీసి, ఆ మట్టిని ఎండబెట్టి జల్లించాను.

ఆగస్టు వచ్చాక సున్నాలు మొదలయ్యాయి. ఆరో సున్నా రాయాల్సిన రోజు, గోడ పగుల్లో ఒకటి దొరికింది.

“ఒక్కదాని కోసం మళ్లీ మొదటి నుంచా?” అందామె. చేతిలో విత్తనాల మూట ఉంది.

“నేను తెచ్చిన డబ్బాలో ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు బేటీ. ఇవన్నీ ఒక్కదాని నుంచే పుట్టి ఉండొచ్చు.”

ఆమె మూట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం సంచులు నేనూ అత్తగారూ పరిచాం. మర్నాటి నుంచి ఆమె కూడా వచ్చింది, కానీ నాతో మాట్లాడలేదు.

ఆగస్టు ఇరవై నాలుగున ఏడో సున్నా రాశాను. ఆ పూటే ఆమె విత్తనం వేసింది. మొదటి మడి పూర్తయ్యాక గోడ దగ్గరికొచ్చి, సంచులు తీసేయాలా అని అడిగింది. వద్దన్నాను. వానలు పోయేదాకా ఉంచుదామన్నాను. సరేనని వాటిని తడిపేందుకు నీళ్లు తేవడానికి వెళ్లింది.