చెంచమ్మ రాసిన మూడు చీటీలు

చెంచమ్మకు అక్షరాలు వచ్చేటప్పటికి నలభై దాటాయి. అంతవరకూ ఆమె సంతకం బొటనవేలే. ఉదయగిరిలో కొయ్య గరిటెలూ చెంచాలూ చేసే షెడ్డులో ఆకురాయి పట్టి అంచులు నునుపు చేయడం ఆమె పని. మధ్యాహ్నం అన్నం తిన్నాక దొరికే అరగంటలో, పాస్టరుగారి భార్య కొనిచ్చిన పలక మోకాళ్ళ మీద పెట్టుకుని అ ఆలు దిద్దింది. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వితే నవ్వనిచ్చింది. రెండేళ్ళకు బైబిలు కూడబలుక్కుని చదవసాగింది. మూడో ఏడు ఆదివారం ఆరాధనలో నిలబడి ఒక కీర్తన మొత్తం తడబడకుండా చదివింది. ఆరోజు ఇంటికి పోతున్న ఆమె నడక చూసి, ఈమెకేమైందని పల్లెలో వాళ్ళు ఒకరినొకరు అడిగారు.

ఆ నడక మళ్ళీ మామూలు కాకపోవడమే చిక్కు.

మంచి మనిషి కాదని మాత్రం ఎవరూ అనలేరు. ఎవరింట్లో జ్వరమొచ్చినా గంజి పట్టుకుని ముందు పోయేది చెంచమ్మే. చర్చి ఊడ్చేదీ, గంట కొట్టేదీ, తాళంచెవి దాచేదీ ఆమే. అయితే ఇంట్లో గానీ సంఘంలో గానీ ఆమె మాట దాటడానికి వీల్లేదు. దాటబోతే అరవదు, తిట్టదు. "ప్రభువు చిత్తం కాదులే" అంటుంది, అంతే. కొడుకు సందీప్ ఇంటికి నీలం రంగు వేయిద్దామంటే ప్రభువు చిత్తం కాలేదు. కుర్రకారు క్రిస్మస్‌కు కొత్త స్పీకర్లు తెద్దామంటే అదీ కాలేదు. ఇన్నేళ్ళలో ప్రభువు చిత్తమూ చెంచమ్మ చిత్తమూ ఒక్కసారైనా వేరు పడలేదంటే ఎవరికైనా అనుమానం రావాలి. చెంచమ్మకు రాలేదు.

ఆ సంఘంలో కొత్త సంవత్సరం మొదటి రోజున వాగ్దాన చీటీలు తీసే వాడుక ఉంది. పాస్టరు రాజమోహన్ ఉండేది ఆత్మకూరులో. డిసెంబరు ముప్పై ఒకటిన ఆయనకు అక్కడే ఆరాధన ఉంటుంది కాబట్టి, ఈ పల్లెకు ఒకటో తేదీ పొద్దున్నే వస్తాడు. పాత క్యాలెండరు కాగితాలు చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద ఒక్కో వాక్యం రాసి, చుట్టచుట్టి దారం కట్టి, స్టీలు పళ్ళెంలో పోస్తారు. ఒక్కొక్కరూ వచ్చి ఒక చీటీ తీసుకుంటారు. అందులో ఏ మాట ఉంటే అది ఆ ఏడాదికి దేవుడు తమతో అన్న మాట. కొందరు బైబిల్లో దాచుకుంటారు, కొందరు తలుపుకు అంటిస్తారు. గొర్రెలు కాచుకునే శీనయ్య తలుపు మీద ఎనిమిదేళ్ళ చీటీలు వరసగా ఉన్నాయి.

వాటన్నిటి మీదా ఉన్నవి చెంచమ్మ అక్షరాలే. రాసేది ఆమె, చుట్టేది ఆమె, పళ్ళెం పట్టుకుని నిలబడేదీ ఆమె. అందుకని మర్యాదకు, ఆమె ఇంటివాళ్ళు అందరికంటే చివర తీసుకుంటారు.

కోడలు నిరోష నర్సు చదువు చదివింది. పెళ్ళయి రెండేళ్ళు. ఆ డిసెంబరులో ఆత్మకూరులో ఒక ఆసుపత్రివాళ్ళు ఆమెను ఉద్యోగానికి రమ్మన్నారు. సందీప్ బద్వేలు రోడ్డులో లారీ తోలుతాడు, అతనికి ఎక్కడైనా ఒకటే. "ఆత్మకూరులో గది తీసుకుందాంలేమ్మా, నువ్వూ రా. లేదంటే ఈడనే ఉండు, వారం వారం వస్తాం" అన్నాడు. అడ్డం చెప్పడానికి చెంచమ్మకు కారణమేమీ లేదు. ఒంట్లో బాగుంది, చేతిలో పని ఉంది, చుట్టూ జనం ఉన్నారు. ఆమెకు గుచ్చుకున్నది ఒక్కటే. నిరోష ఆ ఉద్యోగానికి కాగితం పెట్టుకున్నప్పుడు అత్తను అడగలేదు, అంతా అయ్యాక చెప్పింది.

"ప్రభువు చిత్తం కాదులే అమ్మాయ్" అంది చెంచమ్మ.

నిరోష అత్త దగ్గరే వాక్యం చదవడం అలవాటు చేసుకున్న పిల్ల. "అయితే ఒకటో తేదీ చీటీ తీస్తా గదా అత్తా. ప్రభువు పొమ్మంటే పోతాను, ఉండమంటే ఉంటాను. నాకై నేను ఏమీ తేల్చుకోను" అంది.

సొంత ఇష్టాన్ని దేవుడి చేతికి వదిలేసే మాట అది. అన్నేళ్ళుగా చర్చి మైకులో చెంచమ్మ ఊరందరికీ చెప్పిన మాట. కోడలి నోట అది వినగానే ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఉండాల్సింది. ఆమె మాత్రం లోపలికి పోయి, కలం తీసుకుని, మూడు చీటీలు రాసింది. మూడింటి మీదా ఒకే మాట. కీర్తనల్లో ఒకచోట ప్రభువును నమ్ముకొమ్మనీ, మంచి చేయమనీ, ఉన్న దేశంలో నిలిచి ఉండమనీ, నమ్మకంగా బతకమనీ ఒకే వరసలో ఉంటుంది. చెంచమ్మ అందులో ముందుదీ వెనకదీ వదిలేసి, నిలిచి ఉండమన్న నడిమి ముక్క మాత్రం రాసింది.

ఒకటో తేదీ జనమంతా తీసుకున్నాక పళ్ళెంలో నాలుగైదు చీటీలు మిగిలాయి. చెంచమ్మ గోడవైపు తిరిగి వాటిని కొంగులోకి జార్చి, రొండిన దోపుకున్న మూడూ పళ్ళెంలో వేసింది. సందీప్ ఆరోజు లారీ మీద పోయి ఉన్నాడు, ఇక తీయాల్సింది నిరోష ఒక్కతే. నిరోష కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, చెయ్యి చాపింది. ఏది తీసినా ఒకటేనన్న సంగతి ఆ పిల్లకు తెలియదు. చీటీ విప్పి చదువుకుని, ముఖమంతా తేటపడి, "తెలిసిపోయింది అత్తా" అంది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి ఫోన్ చేసి రానని చెప్పేసింది.

మిగిలిన రెండు చీటీలనూ చెంచమ్మ ఇంట్లో మెంతుల డబ్బాలో పెట్టింది. పొయ్యిలో వేయాలని పదిసార్లు తీసింది. వాక్యం రాసిన కాగితం కాల్చడానికి చెయ్యి రాలేదు. ఆ వాక్యాన్ని నడిమికి కోయడానికి మాత్రం ఆ చెయ్యి బాగానే వచ్చింది.

మార్చిలో సోమవారం ఆడవాళ్ళ కూటంలో కీర్తనలు వరసగా చదువుతున్నారు. ఆ కీర్తన చెంచమ్మ వంతుకే వచ్చింది. ఎదురుగా నిరోష కూర్చుని ఉంది. ఆ వరస దగ్గరికి రాగానే, "నా వాక్యం, నా వాక్యం" అని చిన్నపిల్లలా నవ్వింది. తన బైబిల్లోంచి చీటీ తీసి పక్కన పెట్టి చూసుకుని, "మంచి చెయ్యమని గూడా ఉండాదే అత్తా. చీటీలో చోటు చాలలేదేమో గదా" అంది.

చెంచమ్మ "చాలలేదు" అంది. చీటీలో కింద సగం ఖాళీ ఉంది, అందరూ చూస్తూనే ఉన్నారు. ఎవరికీ అనుమానం రాలేదు. అనుమానం రాకపోవడానికే ఆమెకు ఎక్కువ సిగ్గేసింది. అబద్ధం ఆడినందుకు ఎవరైనా చెంప పగలగొట్టి ఉంటే ఆరోజు కాస్త అన్నం తినేది.

ఆనాటినుంచి ఆమెకు బైబిలు చదవడం కష్టమైంది. ఇంతకు ముందు చదువుతుంటే ఇది ఫలానా ఆమెకు తగలాలి, ఇది ఫలానా ఆయనకు చెప్పాలి అనిపించేది. ఇప్పుడు ఏ పేజీ తిప్పినా తనకే తగులుతోంది. పెదవులతో దగ్గరగా ఉండి మనసుతో దూరంగా ఉన్న జనం గురించి ఉంటే, అది తనే. ఇతరుల మీద మోపిన బరువును వేలితో కూడా తాకని పెద్దల గురించి ఉంటే, అదీ తనే. మానేద్దామనుకుంది, మానలేకపోయింది. చెప్పేద్దామనుకున్నప్పుడల్లా ఒక సాకు దొరికేది. చెబితే నిరోష విశ్వాసం పోతుంది, పిల్ల పాడైపోతుంది. తన సిగ్గు కాపాడుకోవడానికి కోడలి విశ్వాసాన్ని అడ్డం పెట్టుకుంటున్నానని తెలియకపోలేదు. తెలిసీ మూడు నెలలు లాగింది.

జూన్‌లో ఒక శనివారం ఆసుపత్రినుంచి రేణుకాదేవి అనే పెద్ద నర్సు మళ్ళీ ఫోన్ చేసింది. నిరోష గిన్నెలు తోముతూ స్పీకరు పెట్టింది. "ఇంకొకామె మానేసింది నిరోషా. బుధవారం లోపల చెప్పు, ఆ తరవాత నా చేతిలో ఉండదు" అంటోంది ఆమె.

"నాకు రావాలనే ఉండాది మేడం. చదివింది మరిచిపోతా ఉండానని ఏడుపొస్తాది. కానీ ప్రభువు ఈడనే ఉండమన్నాడు. ఆయన మాట దాటి వస్తే ఆ పని నాకు అచ్చిరాదు."

చెంచమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఆ మాటకు చేట పక్కన పెట్టి లేచింది. కోడలి దగ్గరికి పోవాల్సిన మనిషి బస్సెక్కి ఆత్మకూరు పోయింది. పాస్టరు ముందు రెండు చీటీలూ పెట్టి జరిగిందంతా చెప్పి, "మీరు వచ్చి చెప్పండయ్యగారూ, మీరైతే మెల్లగా చెప్తారు" అంది.

రాజమోహన్ ఆ చీటీలు రెండూ విప్పి చదివాడు. "పళ్ళెం ఇన్నేళ్ళు నీ చేతికిచ్చింది నేనే. పని జరిగిపోతే చాలనుకున్నాను, నా తప్పూ ఉండాది" అన్నాడు. "కానీ ఆ అమ్మాయికి నేను చెప్పేది లేదమ్మా. నువ్వే చెప్పాల. ఇది గూడా నువ్వనుకున్నట్టే జరగాలనా?"

చెంచమ్మ తిరుగు బస్సులో కూర్చుని దుత్తలూరు దాటేవరకూ ముఖం కొంగులో దాచుకుంది. పక్కన కూర్చున్నామె వాంతి వస్తోందేమోనని కిటికీవైపు చోటిచ్చింది.

ఆదివారం ఆరాధన అయి ఇంటికి వచ్చాక, నిరోష అన్నం వడ్డించబోతుంటే చెంచమ్మ ఆపింది. రెండు చీటీలూ ఆమె అరచేతిలో పెట్టింది.

"ఇవి విప్పి చూడు."

నిరోష ఒకటి విప్పింది. రెండోదీ విప్పింది. ఏమీ అర్థం కాక అత్త ముఖంలోకి చూసింది.

"ఆరోజు పళ్ళెంలో మూడే ఉన్నాయి. మూడింట్లో ఇదే రాసినాను. నిన్ను పోనీకూడదని రాసినాను. నువ్వు నన్ను అడక్కుండా కాగితం పెట్టినావని కడుపుమంట. ప్రభువు నీతో ఏమీ అనలేదమ్మాయ్. అన్నది నేను."

నిరోష లేచి తన బైబిలు తెచ్చుకుంది. అందులోని చీటీ తీసి ఆ రెండింటి పక్కన పెట్టింది. అక్షరం అక్షరమూ ఒకేలా ఉన్నాయి. అరుస్తుందని చెంచమ్మ ఎదురుచూసింది. 

"దినామూ పొద్దున్నే దీన్ని చూసుకుని లేచేదాన్ని అత్తా" అంది మెల్లగా. "ఇంక ఏ మాట ఆయనదో, ఏ మాట నీదో, నాకెట్ట తెలిసేది?"

చెంచమ్మ కాళ్ళు పట్టుకోబోతే నిరోష వెనక్కి జరిగింది. వండిన అన్నం అలాగే ఉండిపోయింది. బుధవారం దాకా ఆగకుండా మర్నాడే నిరోష రేణుకాదేవికి వస్తానని చెప్పింది. ఆ వారంలోనే సందీప్ ఆత్మకూరులో గది చూశాడు. అమ్మను రమ్మని ఈసారి అడగలేదు.

తరవాతి ఆదివారం చెంచమ్మ సంఘం ముందు నిలబడి అంతా చెప్పి, తాళంచెవి బల్ల మీద పెట్టింది. ఎవరో ఒకరు క్షమించామంటారని లోపల చిన్న ఆశ ఉండింది. శీనయ్య లేచాడు. "వదినా, నా తలుపు మీద ఎనిమిది ఉండాయి. వాటిల్లో నువ్వు కావాలని పెట్టినవి ఎన్ని?" అన్నాడు. ఒట్టు పెట్టుకున్నట్టు ఒక్కటీ లేదని చెప్పింది. ఆయన తల ఊపాడు గానీ, ఇంటికి పోయి ఎనిమిదీ గోకి తీసేశాడు. కడిగిన తలుపు మీద తెల్లటి మచ్చలు మిగిలాయి. రోజూ షెడ్డుకు పోయేదారి ఆ తలుపు ముందునుంచే.

ఆత్మకూరు పోయిన నిరోష రెండు నెలలు ఫోన్ చేయలేదు. ఆగస్టు చివర ఒక సాయంత్రం డ్యూటీ దిగాక చేసింది. బాగున్నావా అని అడగలేదు. "అత్తా, బైబిలు తియ్యి. మత్తయి మొదటినుంచి దినానికి ఒక అధ్యాయం చదువు. మొత్తం చదవాల, ముందూ వెనకా వదలకుండా. నేను ఈడ నాది తెరిచి చూసుకుంటా ఉంటాను" అంది.

కోడలు తనను నమ్మక సరిచూసుకుంటోందని చెంచమ్మకు తెలుసు. మునుపటి చెంచమ్మ అయితే ఫోన్ పెట్టేసేది. ఈ చెంచమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, పెద్ద పెద్ద పేర్ల జాబితాతో మొదలయ్యే ఆ మొదటి అధ్యాయాన్ని ఒక్క పేరూ మింగకుండా చదివింది. రోజూ అంతే. చదివినదానికి అర్థం చెప్పబోదు, ఇది ఫలానావాళ్ళకు తగలాలి అనదు. అక్కడ ఏముందో అది చదువుతుంది. 

సెప్టెంబరు ఆఖరులో, ప్రభువు పట్టుబడకముందు తోటలో మోకరించిన అధ్యాయం వచ్చింది. అది చాలా పొడుగు. చెంచమ్మ సగం చదివాక నిరోష ఆపింది.

"ఆగత్తా. ఒక మాట వదిలినావు."

చెంచమ్మ వేలు వెనక్కి జరిపి చూసింది. శ్రమల గిన్నెను తన దగ్గరనుంచి తొలగించమని ప్రభువు తండ్రిని అడిగిన మాట చదివింది. దాని వెంటనే, తన ఇష్టం కాదు, తండ్రి ఇష్టమే జరగనిమ్మన్న ముక్క ఉంది. చూపు జారి కింది వరసకు పోయింది. కావాలని వదల్లేదు, కళ్ళు మసక. ఆ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. అది నిజమే అయినా, తనకిక అలాంటి నిజాలు చెప్పుకునే మొహం లేదు.

"వదిలినాను" అంది. వరస మొదటికి వచ్చి, ఆ ప్రార్థన పూర్తిగా, ముక్క ముక్కా, మళ్ళీ చదివింది.

 అటు నిరోష పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.